ఎర్ర బోరింగు

చండూరుల ముత్తిలింగం పెయింటర్ దగ్గర
నేను డబ్బాలు మోసిన ఏడు
సర్కారు నుంచి ఒక కాయిదం వచ్చింది.
మంచినీళ్ల బోరింగుకు నీలం.
ఫ్లోరైడ్ బోరింగుకు ఎరుపు.
బోరింగుకు పన్నెండు రూపాలు, రంగు వాళ్లదే.

అంతకుముందు మావి
ఎరువుల దుకాణం బోర్డులు, బీడీల కార్ఖాన గోడలు,
ట్రాక్టరు డబ్బాల వెనుక తామరపూలు.
తలకట్టు పెట్టేటప్పుడు
ఊపిరి బిగవట్టాలె అని నేర్పిండు.
అక్షరమంటే
దూరంకెల్లి పోయేటోన్ని పేరు పెట్టి పిలిచినట్టుండాలె అనేటోడు.

సైకిలు క్యారియర్ మీద రెండు డబ్బాలు.
నాలుగో ఊరు దాటేసరికి
ఎర్ర డబ్బా అడుగంటింది.
నీలం డబ్బా మూత ఇంకా తియ్యనే లేదు.

తుమ్మలగూడెంల బోరింగుకు
పిడి నుంచి గద్దె దాకా ఎరుపేసి
కచ్చీరు గోడ నీడకు సద్ది విప్పినం.
చేతులు కడుగుదామంటే నీళ్లు యాడియి?
ఆ బోరింగుయే.
కడుక్కున్నం.
తాగినం గూడ, ఎండకాలమాయె.

లెక్క రాసుకొనేందుకు
వారం దినాలకు మళ్ల పోయినం.
బోరింగు గొంతుకు పసుపు కొమ్ము కట్టి ఉంది.
పిడికి కుంకుమ. గద్దె మీద కోసిన నిమ్మకాయ.
ఈదమ్మ అని ఒక ముసలామె
కడవ నింపుకుంట అన్నది:
"ఎన్నడు సున్నమన్న ఎయ్యని సర్కారు
ఎరుపేసిందంటే
ఈ తల్లి ఎంత సల్లని తల్లో!"

ముత్తిలింగం బీడీ ఆర్పేసిండు.
"ఎరుపంటే వద్దు అని
వీళ్లకు ఏ బడిల చెప్పిండ్రుర?
పోచమ్మ గుడి ఎరుపు.
పెండ్లిపిల్ల నొసలు ఎరుపు.
జెండా ఎరుపు, దానికోసం వీళ్ల నాయినలు జేలుకు పోయిండ్రు.
ఆగుమని చెప్పే ఎరుపు
రైలుగేటు కాడ ఉంటది.
ఈ ఊరికి రైలు లేదు."

ఇప్పుడు నాకు ఫ్లెక్సుల దుకాణం.
"ఎరుపు పెట్టు అన్నా, కొట్టొచ్చినట్టు" అని ఎవరన్న అంటే
మౌసు మీద చెయ్యి ఒక ఘడియ ఆగుతది.

తరువాత పుర్రె గీసినం, కింద అడ్డంగ రెండు బొక్కలు.
ట్రాన్స్‌ఫార్మర్ మీది బొమ్మ గద, పిలగాండ్లు గుర్తుపట్టిండ్రు.
బోరింగుకు కరెంటొచ్చిందని
వాడంత సంబురం.
తరువాత రాసినం: ఈ నీళ్లు తాగరాదు.
సార్ చదివిండు, పోస్టుమాన్ చదివిండు,
చదివి, దోసిలి పట్టిండ్రు.

ఆఖరుకు, కాయిదంల లేని బొమ్మ ఒకటి
ముత్తిలింగం గద్దె పక్క గోడకు గీసిండు.
నల్లరంగు, సన్న కుంచె.
రెండు కాళ్లు, మోకాళ్ల కాడ లోపలికి విరిగినయి.
కొడవలి లెక్క నడుము.
ముఖం పెట్టలేదు.

ఈదమ్మ కట్టె ఆనించి
చానసేపు దాని ముంగట నిలవడ్డది.
నిలవడితే, బొమ్మకు నీడ తోడైనట్టే ఉంది.
"నన్నెందుకు గీసినవ్ బిడ్డా?"
ఎనుకకెల్లి ఇంకొకాయన: "అది నువ్వు గాదు, నేను."
ఎత్తుకున్న పిలగాని కాలు సాపి
ఒక తల్లి గోడకు ఆనించి కొలిచింది.
ఎవ్వరు ఏడ్వలే. బోరింగు కూడ ఆగింది.

అప్పుడు ఈదమ్మే అడిగింది,
అర్థమైంది గని, అన్నట్టుగ:
"మరి తాగే బోరింగు యాడున్నది?"

ముత్తిలింగం సైకిలు దిక్కు చూసిండు.
క్యారియర్ మీద నీలం డబ్బా,
మూత మీద దుమ్ము, దుమ్ము మీద నా ఏలిముద్రలు.

ఆమె కడవ కింద పెట్టింది.
కొద్దిసేపైనంక మళ్ల పిడి కొట్టింది.
చప్పుడు వినుకుంటనే ఊరు దాటినం.

రాత్రి లెక్కల పుస్తకం నాకిచ్చి
రాయమన్నడు, నా అక్షరం సక్కగయిందని.
ఎరుపు: పదకొండు లీటర్లు.
నలుపు: పావు, సొంత ఖర్చు.
నీలం,
అని రాసి ఆగిన.
"రాయి" అన్నడు గోడ దిక్కు తిరిగి పండుకొని.
ఊపిరి బిగవట్టి రాసిన:
నిల్.